ఈనిన ఆవులలో గర్భాశయ ఆరోగ్యం – వ్యాధి నిరోధక శక్తి పాత్ర

పాడి ఆవు ఈనిన తరువాత సకాలంలో ఎదకు వచ్చి తిరిగి చూడి కట్టాలంటే గర్భాశయం ఆరోగ్యంగా ఉండాలి. ఈత సమయంలో గర్భాశయ ముఖద్వారం తెరచుకొని ఉండటం వలన మొదటి రెండు వారాలలో దాదాపు అన్ని ఆవుల గర్భాశయంలోనికి బాక్టీరియా ప్రవేశిస్తుంది. అయినప్పటికీ కొన్ని ఆవులు మాత్రమే వ్యాధికి గురవుతాయి. ఈ తేడాకు ముఖ్య కారణాలలో ఒకటి సహజ వ్యాధి నిరోధక శక్తి.

గర్భాశయంలో చేరిన బాక్టీరియాను మొదట ఎదుర్కొనేవి న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు. ఇవి రక్తం నుండి గర్భాశయ పొరలలోనికి చేరి సూక్ష్మజీవులను మింగి నశింపజేస్తాయి. మాయ విడిపోవడంలో కూడా వీటి పాత్ర ఉంది. మాయ పడని ఆవులలో ఈ కణాల చురుకుదనం ఈతకు ముందే తగ్గి ఉన్నట్లు పరిశోధనలలో గుర్తించారు. అనగా వ్యాధి ఈనిన తరువాత బయటపడినా, దానికి పునాది చూడి చివరి వారాలలోనే పడుతుంది.

ఈతకు ముందు మూడు వారాలు, తరువాత మూడు వారాలు ఆవుకు కీలక దశ. ఈత సమీపించే కొద్దీ మేత తినడం తగ్గుతుంది. జున్నుపాల ఉత్పత్తికి మాత్రం శక్తి, కాల్షియం అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. లోటును పూడ్చుకొనుటకు శరీరంలోని కొవ్వు కరిగి, రక్తంలో కొవ్వు ఆమ్లాలు, కీటోన్ పదార్థాలు అధికమై న్యూట్రోఫిల్ కణాల పనితీరును దెబ్బతీస్తాయి. కాల్షియం లోపించినపుడు ఈ కణాలు బలహీనపడటమే గాక గర్భాశయ కండరాల సంకోచం కూడా తగ్గుతుంది.

ఈనిన 24 గంటలలోపు మాయ పడకపోతే దానిని ‘మాయ నిలిచిపోవడం’గా పరిగణిస్తారు. 21 రోజులలోపు దుర్వాసనతో కూడిన ఎరుపు గోధుమ రంగు పలుచని స్రావం, జ్వరం, మేత మానడం మెట్రైటిస్ లక్షణాలు. 21 రోజుల తరువాత కనిపించే చీముతో కూడిన స్రావం ఎండోమెట్రైటిస్‌ను సూచిస్తుంది. స్రావం ఏమీ లేకుండానే గర్భాశయ లోపలి పొర వాచి, ఆవు పదేపదే పొర్లుటకు కారణం కావచ్చు. ఇట్టి ఆవును రైతు గొడ్డుదిగా భావించి అమ్ముకొనే ప్రమాదం ఉంది.

యాజమాన్యంలో పాటించవలసినవి:

• ఈతకు సుమారు 60 రోజుల ముందు ఆవును వట్టిపోనివ్వాలి. ఆవు మరీ చిక్కిపోకుండా, కొవ్వు పట్టకుండా చూడాలి.
• చివరి మూడు వారాలలో మేతను అకస్మాత్తుగా మార్చక, దాణాను క్రమంగా పెంచాలి. సెలీనియం, విటమిన్-ఇ గల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వాలి.
• ఈనే స్థలం శుభ్రంగా, పొడిగా ఉండాలి. అవసరం లేనిదే దూడను లాగరాదు.
• మాయను చేతితో బలవంతంగా లాగరాదు. దీని వలన లోపలి పొర గాయపడుతుంది.
• ఈనిన మొదటి 10 రోజులు శరీర ఉష్ణోగ్రత గమనించి, 39.5 డిగ్రీల సెల్సియస్ దాటితే పశువైద్యునిచే పరీక్ష చేయించాలి. యాంటిబయోటిక్ మందులు వారి సలహాపైనే వాడాలి.

కావున విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు ఇచ్చే సలహాలు ఈనిన తరువాత చికిత్సకు పరిమితం కాక, ఈతకు మూడు వారాల ముందు నుండే ప్రారంభం కావాలి.