ష్‌... ఇంట్లో రికార్డింగ్!

రాత్రి పదకొండున్నర. వీధి చివర కుక్కలు కూడా సద్దుమణిగాయి. ఫ్యాను కట్టేశాను. కిటికీ రెక్కలు బిగించాను. ఇక మిగిలింది ఫ్రిజ్ ఒక్కటే. పగలంతా దాని రొద ఎవరికీ పట్టదు గానీ, మైకు ముందు కూర్చుంటే మాత్రం గుమ్మంలో లారీ ఆగి ఉన్నట్టే ఉంటుంది. స్విచ్ తీసే ముందు స్కూటర్ తాళంచెవి ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన పెట్టాను. ఇదివరకు ఒకసారి పాట ధ్యాసలో ఫ్రిజ్ సంగతి మరిచిపోయాను. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి పాలు విరిగాయి, దోసెల పిండి పొంగి అరంతా కారింది. నా గానానికి ఇంట్లో దక్కిన మొదటి సమీక్ష అదే! అప్పట్నుంచీ ఈ చిట్కా. బండి తీయాలంటే ఫ్రిజ్ తెరవాల్సిందే, తెరిస్తే ఆపిన సంగతి గుర్తుకు రావాల్సిందే. సినిమా షూటింగుల్లో సౌండ్ రికార్డిస్టులు ఎప్పట్నుంచో వాడుతున్న ఉపాయమిది.

ఈ పిచ్చి నా ఒక్కడిదే కాదు. హార్మోనియం ముందేసుకున్న రిటైర్డ్ మాస్టారు, వంటపని ముగిశాక ఫోన్లో డ్యూయెట్ పాడుకునే గృహిణి, కీబోర్డు నేర్చుకుంటున్న ఇంజినీరింగ్ కుర్రాడు, డాలస్‌లో పిల్లల్ని పడుకోబెట్టి కీర్తన రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి... అందరిదీ ఒకటే సరదా. డబ్బు రాదు, పేరూ అంతంతే. అయినా వదలరు.

ఈ గొంతు నాదేనా?

మొదటిసారి రికార్డు చేసుకుని విన్నవాళ్లంతా అడిగే ప్రశ్న ఇదే. మన గొంతు మనకు రెండు దారుల్లో వినిపిస్తుంది. గాలిలోంచి వచ్చి చెవిని తాకేది ఒకటి, పుర్రె ఎముకల గుండా లోపలి చెవికి చేరేది ఇంకొకటి. ఆ రెండో దారిలో మంద్రధ్వనులు బాగా వస్తాయి. అందుకే ఎవరి గొంతు వారికి గంభీరంగా తోస్తుంది. మైకుకు ఎముకల దారి లేదు. లోకం వింటున్న గొంతునే అది పట్టి ఇస్తుంది.

నా మొదటి రికార్డింగు నాకు మూడు సంగతులు చెప్పింది. పల్లవి చివర ఊపిరి చాలక స్వరం కిందికి జారుతోంది. ‘శ’ అనాల్సిన చోటల్లా ‘ష’ అంటున్నాను. ప్రతి చరణానికి ముందూ నాలుక చప్పరిస్తున్నాను. ఇరవై ఏళ్లుగా బాత్రూములో పాడుతున్నా ఇవేవీ తెలియలేదు. తెలియనివ్వలేదు కూడా. ఆ నున్నటి టైల్స్ ప్రతి స్వరాన్నీ కాసేపు పట్టి ఉంచి, తర్వాతి స్వరంలో కలిపేసి, లోపాలకు పూత పూస్తాయి.

హోటల్ గది నుంచి పడకగదికి

నిజానికి మన దేశంలో తొలినాళ్ల రికార్డింగు కూడా స్టూడియోలో జరగలేదు. 1902లో గ్రామఫోన్ కంపెనీ పంపిన ఫ్రెడ్ గైస్‌బర్గ్, కలకత్తాలో హోటల్ గదినే స్టూడియోగా మార్చి గౌహర్ జాన్ పాటను రికార్డు చేశాడు. పాట చివర ఆమె తన పేరు తానే ఇంగ్లిషులో చెప్పుకునేది. ఎక్కడో జర్మనీలో రికార్డులు అచ్చొత్తేవాళ్లకు ఏది ఎవరి పాటో తెలియాలి కదా!

తర్వాత రికార్డింగంటే పెద్ద యంత్రాలు, పెద్ద కంపెనీలు, ఎర్ర దీపం వెలిగే తలుపులు. ఆ తలుపుల్ని మొదట తోసింది 1963లో ఫిలిప్స్ తెచ్చిన చిన్న క్యాసెట్. కోనసీమ నుంచి కరీంనగర్ దాకా ఎన్ని ఇళ్లకు గల్ఫ్ నుంచి టూ ఇన్ వన్‌లు రాలేదు! ఉత్తరాల బదులు మాటలు నింపిన క్యాసెట్లు అటూ ఇటూ తిరిగేవి. చివర కాస్త టేపు మిగిలితే పిల్లలతో ఒక పాట పాడించి పంపేవారు.

1979లో టాస్కామ్ సంస్థ ‘పోర్టాస్టూడియో’ తెచ్చింది. మామూలు క్యాసెట్ మీదే నాలుగు ట్రాకులు వేరువేరుగా రికార్డు చేసుకోవచ్చు. గిటారు ఒక ట్రాకులో, గొంతు ఇంకోదాంట్లో. 1982 జనవరిలో అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని అద్దె ఇంట్లో దాని ముందు కూర్చున్నాడు. బృందానికి బాణీలు వినిపించడానికి నమూనా చేసుకోవడమే ఉద్దేశం. తర్వాత బృందంతో స్టూడియోకి వెళ్లి ఎంత ప్రయత్నించినా ఇంట్లో కుదిరింది అక్కడ కుదరలేదు. డబ్బా కూడా లేకుండా జేబులో వేసుకుని తిరిగిన ఆ క్యాసెట్టే చివరికి ‘నెబ్రాస్కా’ ఆల్బమై విడుదలైంది.

మన దగ్గర, ‘రోజా’ (1992)కు ముందే ఎ.ఆర్.రెహమాన్ చెన్నైలో ఇంటి పెరట్లో స్టూడియో కట్టుకున్నారు. లాస్ ఏంజెలిస్‌లో బిల్లీ ఐలిష్, ఆమె అన్న ఫినియస్ కలిసి ఇంట్లో పడకగదిలోనే చేసిన ఆల్బమ్‌కు 2020లో ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ గ్రామీ దక్కింది.

గది కూడా పాడుతుంది

కొత్తవాళ్లు ముందు మైకు కొంటారు. చూడాల్సింది గదిని. మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. ‘టర్‌ర్‌’మంటూ తోక సాగితే ఎదురెదురు గోడలు ఆ శబ్దంతో బంతాట ఆడుతున్నట్టే. అదంతా పాటలోకి వస్తుంది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికిస్తే సరిపోతుందనేది వట్టి భ్రమ. మందం, మెత్తదనం కావాలి. బొంతలు, పరుపులు, బట్టలతో కిక్కిరిసిన బీరువా అసలైన నేస్తాలు. బీరువా తలుపులు బార్లా తీసి, దానికి ఎదురుగా మైకు పెట్టి, వెనక తాడు మీద బొంత ఆరేసి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

అయితే బొంత గదిలోని ప్రతిధ్వనిని మింగుతుంది గానీ పక్కింటి కుక్కర్ కూతను ఆపలేదు. బయటి శబ్దాన్ని ఆపాలంటే బరువైన గోడలు, సందులు లేని తలుపులు కావాలి. అవి మన చేతిలో లేవు. అందుకే ఈ సరదాకు అర్ధరాత్రే ముహూర్తం. ఇక ఎక్కడిదో తెలియని సన్నని ‘హమ్’ వస్తుంటే కరెంటును అనుమానించాలి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ ఊపే వైర్ల గుండా పాటలోకి దూరుతుంది. చాలాసార్లు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తే పోతుంది.

ఏమేం కావాలి?

మొదలుపెట్టడానికి ఫోను, వైరున్న ఇయర్‌ఫోన్లు చాలు. బ్లూటూత్‌వి వద్దు. వాయిద్యాల ట్రాకు చెవికి ఆలస్యంగా చేరి తాళం తప్పిస్తుంది. సరదా ముదిరితే యూఎస్‌బీ మైకు. ఇంకా ముదిరితే మామూలు మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్. కండెన్సర్ మైకుకు 48 వోల్టుల విద్యుత్తు అందించాలి. ఊపిరిని కూడా పట్టే చెవి దానిది, కాబట్టి గోలగా ఉండే ఇళ్లకు డైనమిక్ మైకే నయం. ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

మైకుకు జానెడు దూరంలో, కాస్త పక్కకు తిరిగి పాడాలి. ‘ప’, ‘భ’ పలికినప్పుడు గాలి వెళ్లి మైకును గుద్దకుండా ఎంబ్రాయిడరీ ఫ్రేముకు పల్చటి నైలాన్ గుడ్డ బిగించి అడ్డం పెట్టొచ్చు. ఎర్రగీత తాకేలా రికార్డు చేయొద్దు. మెల్లగా పాడినదాన్ని తర్వాత పెంచుకోవచ్చు, చిట్లిన శబ్దాన్ని అతకడం మాత్రం కష్టం.

ఎన్నో టేకు?

పాత టేపు అయిపోయేది. ఇప్పుడు ఆపేవాళ్లు లేరు. ఒక్క పల్లవికి నేను నలభై టేకులు తీసిన రాత్రి ఉంది. మర్నాడు వింటే నాలుగోది బాగుంది. మిగతావాటిలో శ్రుతి సరిగ్గానే ఉంది, పాటే లేదు. అప్పట్నుంచీ అయిదు టేకులతో ఆపుతున్నాను. వాటిని ఆ రాత్రి వినను. అలిసిన చెవి అన్నిటికీ తలూపుతుంది.

పొద్దున ఆఫీసుకు బయల్దేరుతూ ఫ్రిజ్ తెరిచాను. తాళంచెవికి ఇంకా చలవ పోలేదు. స్విచ్ వేశాను. ఒక్కసారి వణికి, ‘ఉమ్‌...’ అంటూ రొద అందుకుంది. బండి తీయకుండా అక్కడే నిలబడ్డాను. అయిదు శ్రుతి. కాదు, దానికి రవ్వంత పైన.

ఇన్నేళ్లూ అది నాకు వట్టి ఫ్రిజ్.