మీ ముత్తాత తండ్రి పేరేమిటి? నల్లగొండ, పాలమూరు వంశాల వింతలు

తద్దినం నాడు పురోహితుడు మూడు తరాల పేర్లే అడుగుతాడు. తండ్రి, తాత, ముత్తాత. ఆ పైన ఎవరని అడిగితే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు కూడా నీళ్లు నములుతారు. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో ఆ నాలుగో తరం, నలభయ్యో తరం జాడలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికితే, ఊహించని మనుషులు తగులుతారు.

కులానికో చరిత్రకారుడు

తెలంగాణలో చాలా కులాలకు తమ పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉంది. కాపులకు పిచ్చకుంట్లవారు, పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలి, చిందువారు. గోత్రాలు, ఇంటిపేర్లు, కుల పురాణం వీళ్లకు కంఠస్థం. ఏ ఊళ్లు ఎవరి వంతో ముందే పంచుకుని ఉంటారు. ఆ హక్కును మిరాశీ అంటారు. అది తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. వేరేవాడు ఆ ఊళ్లో కథ చెబితే పంచాయితీ తప్పదు.

గజాల కొద్దీ తాతలు

వీరిలో కొందరు పటం విప్పి కథ చెబుతారు. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల గుజ్జు పట్టించి, ఆరాక ఎర్రటి నేల రంగు మీద వరుసగా బొమ్మలు వేస్తారు. చేర్యాల నకాషీ చిత్రకారుల పని అది. కథకుడు చుట్టను పైనుంచి కొంచెం కొంచెంగా విప్పుతూ, కర్రతో ఒక్కో బొమ్మను చూపిస్తూ పోతాడు. పద్మశాలీల పటంలో మార్కండేయుడి నుంచి, మాదిగల పటంలో జాంబవుడి నుంచి కథ మొదలవుతుంది. పురాణాన్ని చరిత్రగా నమ్మనక్కర్లేదు. దాని చివర దాతల పేర్లు, వారి తండ్రుల పేర్లు చదువుతాడు చూడండి, అక్కడ చెవి పెట్టాలి.

పద్మశ్రీ దాకా వచ్చిన కిన్నెర

పన్నెండు మెట్ల కిన్నెర మీద పాలమూరు వీరుల కథలు పాడిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం వాడు, డక్కలి కళాకారుడు. సినిమా పాటతో రాష్ట్రమంతా తెలిసిన ఆ గొంతు, అంతకుముందు ఊరూరా తిరుగుతూ పండుగ సాయన్న లాంటివాళ్ల కథలు పాడింది. పుస్తకాల్లో చోటు దొరకని ఆ మనుషులు ఇవాళ్టికీ మనకు గుర్తున్నారంటే కారణం ఇలాంటి గొంతులే.

రాజుల గోత్రంలో పాలేరు పేరు

రాచకొండ, దేవరకొండ ఏలిన పద్మనాయకులది రేచర్ల గోత్రం. వెంకటగిరి సంస్థానాధీశులైన వెలుగోటివారిదీ, పాలమూరులో కొల్లాపురం రాజధానిగా జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభివారిదీ అదే గోత్రం. అందరికీ మూలపురుషుడు ఆమనగల్లుకు చెందిన చెవ్విరెడ్డి అని వంశకథ. ఆయన పొలం దున్నుతుంటే లంకెబిందెలు కనిపించాయట. బలి ఇస్తేగానీ అవి దక్కవని ఒక గొంతు వినిపించిందట. దొర వెనకాడుతుంటే, ఆయన దగ్గర పనిచేసే రేచడనే మాల యువకుడు నేను సిద్ధమన్నాడట.

వాడు పెట్టిన షరతులు రెండు. నా పేరు మీ వంశానికి ఉండాలి. మీ ఇంట పెళ్లి జరిగే ముందు మా వాళ్ల జంట పెళ్లి జరిపించాలి. దొర ఒప్పుకున్నాడు, రేచడు బలయ్యాడు. వెంకటగిరి రాజుల ఇంట పెళ్లికి ముందు మాల జంటకు పెళ్లి చేసే ఆచారం ఉండేదని బ్రిటిష్ కాలపు గ్రంథాలు రాశాయి. కథలో నిజమెంతో తేల్చలేం. కానీ కోటలు కట్టిన వంశం తన పేరులోని రేచర్ల ఒక పాలేరు నుంచి వచ్చిందని తానే చెప్పుకుంది. ఈ వంశక్రమాన్ని చెప్పే 'వెలుగోటివారి వంశావళి'ని నేలటూరి వెంకటరమణయ్య పరిష్కరించగా మద్రాసు విశ్వవిద్యాలయం 1939లో అచ్చువేసింది.

ఒకే ఇంటికి రెండు వంశవృక్షాలు

కాకతీయులు ఎవరు? మహబూబ్‌నగర్ పక్కనున్న భూత్పూరులో గణపతిదేవుడి సేనాని మల్యాల గుండదండనాథుడి శాసనం వాళ్లది నాలుగో కులమని చెబుతుంది. సముద్రతీరంలోని మోటుపల్లి శాసనం అదే వంశాన్ని శ్రీరాముడి సూర్యవంశానికి ముడిపెట్టింది. రెండూ ఒకే రాజు కాలం నాటివే. ఇంట్లోవాళ్లకు తెలిసిన తాత ఒకరు, విదేశీ వర్తకులు చదివే రాతిమీద తాత మరొకరు. పానగల్లు, కందూరు ఏలిన చోడులు కూడా తక్కువ తినలేదు. తమిళదేశపు కరికాల చోళుడే మా మూలపురుషుడని చెప్పుకున్నారు. గొప్ప తాతను వెతుక్కోవడం ఇవాళ్టి మోజేమీ కాదు.

రాణిగారు భార్యా, కూతురా?

మోటుపల్లి సంగతి రాసిన మార్కోపోలో, అక్కడి రాణి చనిపోయిన రాజుకు భార్య అనుకున్నాడు. తొలినాటి చరిత్రకారులు కొందరు అదే నమ్మారు. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురని తేల్చింది శాసనాలే. ఆమె తర్వాత గద్దెనెక్కిన ప్రతాపరుద్రుడు ఆమెకు మనవడు, కూతురు ముమ్మడమ్మ కొడుకు. అంటే కాకతీయ సింహాసనం వరుసగా రెండుసార్లు ఆడపిల్ల వైపు నుంచే నడిచింది.

ఇక ఆమె మరణవార్త ఎక్కడ దొరికిందనుకున్నారు? ఓరుగల్లు కోటలో కాదు, నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో. 1289 నవంబరు 27 తేదీకి సరిపోయే శాసనం అది. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం పొందాలని పువ్వుల ముమ్మడి అనే భటుడు సోమనాథ దేవుడికి భూమి ఇచ్చి రాయించాడు. రాణి ఆఖరి రోజుల గురించి మనకు చెప్పిన సాక్షి ఒక మామూలు సైనికుడు.

పొలిమేరలో నిలబడ్డ తాత

ఊరి బయట పసుపు కుంకుమలతో దేవుడిలా పూజలందుకునే రాయి ఒక్కోసారి వీరగల్లు అయి ఉంటుంది. చాలావాటిని అడ్డంగా మూడు అరలుగా చెక్కుతారు. కింది అరలో కత్తి దూసి, లేదా పులితో, పశువుల దొంగలతో పోరాడుతూ చనిపోయే మనిషి. మధ్య అరలో అతన్ని పైకి తీసుకుపోయే అప్సరసలు. పై అరలో శివలింగం ముందు కూర్చున్న వీరుడు. అంచున సూర్యచంద్రులు. మోచేతి దగ్గర మడిచి పైకెత్తిన గాజుల చెయ్యి కనిపిస్తే అది సతి రాయి. పేరు పోయింది, కథ పోయింది. కానీ ఆ రాయి ఎవరో ఒకరి ముత్తాత. నల్లగొండ పక్కన పానగల్లు మ్యూజియంలో ఇలాంటి శిల్పాలను తీరిగ్గా చూడొచ్చు.

ఇంకా వెనక్కి పోవాలంటే నారాయణపేట జిల్లా ముడుమాల్ వెళ్లండి. కృష్ణా తీరంలో మనిషికి రెండింతల ఎత్తున నిలువురాళ్లు బారులు తీరి ఉంటాయి. బృహత్ శిలాయుగం నాటి ఆ రాళ్లకు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దక్కింది.

వనపర్తి నుంచి ఆఫ్రికాకు

హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ పేరులో 'ఏసీ' అంటే ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి రాజా నిజాముకు ఇచ్చిన సిద్దీ ఆశ్వికదళం అక్కడ కాపురం పెట్టింది. ఇవాళ అక్కడి గల్లీల్లో దక్కనీ ఉర్దూ, తెలుగు మాట్లాడుకునే కొన్ని కుటుంబాల పూర్వీకులు ఆఫ్రికా తూర్పు తీరం నుంచి వచ్చినవాళ్లు. మధ్యలో మజిలీ పాలమూరు మట్టి.

ఊరే ఇంటిపేరు

ఒకప్పటి హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు అసలు ఇంటిపేరు పుల్లంరాజు. పాత పాలమూరు జిల్లా బూర్గుల వాళ్ల ఊరు. ఊరిపేరు జనం నోట నానీ నానీ ఇంటిపేరై కూర్చుంది. మీ ఇంటిపేరుతో ఎక్కడైనా ఊరుంటే, వంశ పరిశోధన మొదలుపెట్టాల్సింది ఆ ఊళ్లోనే. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి నుంచి వలసపోయినవాళ్లు ఆ పేరును ఎంతదూరం మోసుకుపోయారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

పోయినచోట కూడా వలస తన పేరు వదిలింది. ముంబయి కామాటిపురకు ఆ పేరు వచ్చింది తెలంగాణ నుంచి వెళ్లి ఇళ్లు, రోడ్లు కట్టిన కామాటీల వల్లే. షోలాపూర్, భివండీల్లో స్థిరపడిన నల్లగొండ పద్మశాలీల మనవలు కొందరు ఇప్పుడు ఇంట్లో తెలుగు, బయట మరాఠీ మాట్లాడతారు.

పహాణీలో దొరికే తాత

1954-55 ఖాస్రా పహాణీ తెలంగాణ భూమి తగాదాలన్నిటికీ మూలగ్రంథం. కానీ వంశం వెతికేవాళ్లకూ అదే పెన్నిధి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, పక్కనే తండ్రి పేరు. 'ఎల్లయ్య వల్ద్ బాలయ్య' అని ఉంటే బాలయ్య కొడుకు ఎల్లయ్య అని. ఒక్క గీతలో రెండు తరాలు వచ్చేశాయి. 1950 కౌలు చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితా కూడా చూడండి. సొంత భూమి లేదనుకున్న తాత అందులో కౌలుదారుగా దర్శనమిచ్చిన ఇళ్లున్నాయి.

రక్తం చెప్పే కథ

భారతీయుల జన్యు చరిత్ర మీద హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ వాళ్లు కలిసి 2009లో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. మనలో దాదాపు అందరూ రెండు పురాతన జనాల కలయిక అని అందులో తేలింది. 2013లో వచ్చిన లెక్క ప్రకారం ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందట జరిగింది. ఆ తర్వాతే కులంలోనే పెళ్లిళ్లు బిగుసుకున్నాయి. తెలుగు వైశ్యుల్లో అది ఎంత కట్టుదిట్టంగా సాగిందంటే, ఏనాటి కొద్దిమంది పూర్వీకుల లక్షణమో ఇవాళ్టికీ కొందరిలో కనిపిస్తుంది. ఆపరేషన్ ముందు ఇచ్చే ఒక రకం కండరాల మందు వాళ్ల ఒంట్లో త్వరగా విరగదు. కాబట్టి వంశం సంగతి డాక్టరుకు చెప్పడం మేలు.

ఐర్లండ్‌లోనూ పిచ్చకుంట్లవారు

వంశవృక్షాల పిచ్చి ఎక్కువున్న దేశం ఐర్లండ్. అక్కడా వంశాలు చెప్పడమే వృత్తిగా పెట్టుకున్న కుటుంబాలు ఉండేవి. అలాంటి ఇంట పుట్టిన డువాల్డ్ మాక్‌ఫిర్బిస్ 1650 ప్రాంతంలో గాల్వే పట్నంలో కూర్చుని దేశంలోని వంశాలన్నిటినీ ఒక మహాగ్రంథంలోకి ఎక్కించాడు. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్ దస్తావేజుల భవనం తగలబడింది. 1821 నుంచి 1851 దాకా జరిగిన నాలుగు జనగణనల పుస్తకాలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. మాక్‌ఫిర్బిస్ రాసిపెట్టిన గ్రంథం మాత్రం నిలిచింది. మన కూనపులివారి, డక్కలివారి నోట ఉన్నదాన్ని అలా కాగితం మీద పెట్టినవాళ్లు బహు తక్కువ.

అమ్మమ్మల పేర్లేవి?

ఈ వంశావళులన్నిటిలో ఒక లోటుంది. కొడుకుల పేర్లు వరసగా ఉంటాయి, ఆడవాళ్ల పేర్లు అరుదు. విచిత్రమేమంటే కాకతీయుల తొలి తరాలను వెన్న నృపుడి నుంచి వరసగా చెప్పిన బయ్యారం చెరువు శాసనం వేయించింది ఒక ఆడమనిషి, గణపతిదేవుడి చెల్లెలు మైలమ.

కాబట్టి వంశవృక్షం గీయాలనుకుంటే నానమ్మ, అమ్మమ్మల పుట్టింటి పేర్లు, ఊళ్లతో మొదలుపెట్టండి. తాతల పేర్లు పహాణీలోనైనా దొరుకుతాయి, వాళ్లవి మాత్రం ఇంట్లో పెద్దలున్నంత కాలమే తెలుస్తాయి. ఈసారి మీ వాడకు పటమో కిన్నెరో పట్టుకుని ఎవరైనా వస్తే పది రూపాయలు చేతిలో పెట్టి పంపేయకండి. కూర్చోబెట్టి, అన్నం పెట్టి, మీ ఇంటిపేరు చెప్పి కథ అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. చెప్పినందుకు కథకుడికి చెల్లించే 'త్యాగం' ఇవ్వడం మరవకండి, అది ఆయన హక్కు.