మీకు తెలుసా? ఐఐఎంల ఎంబీఏ పట్టా కొత్తదే

కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు 1961లోనే మొదలయ్యాయి. అయినా అర్ధ శతాబ్దానికి పైగా అక్కడ రెండేళ్లు చదివినవారి చేతికి వచ్చింది పీజీ డిప్లొమాయే, ఎంబీఏ కాదు. చదువులో లోటు వల్ల కాదు, చట్టం వల్ల. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అనుమతించిన సంస్థలకే ఉంటుంది. ఐఐఎంలు అప్పట్లో సొసైటీలుగా నమోదైన సంస్థలు. ఐఐఎం చట్టం 2018 జనవరి 31న అమల్లోకి వచ్చాకే వాటికి డిగ్రీలిచ్చే హక్కు దక్కింది. 2015లో ఏర్పడిన విశాఖపట్నం ఐఐఎం కూడా ఈ చట్టం కిందికే వస్తుంది.

ఐఐఎంలలో ఎంబీఏ ప్రవేశానికి క్యాట్ (కామన్ అడ్మిషన్ టెస్ట్) రాయాలి. ఆ పరీక్ష రాయడానికి డిగ్రీలో 50 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45) చాలు. చివరి ఏడాది విద్యార్థులూ అర్హులే. అయితే క్యాట్ పర్సంటైల్ ఒక్కటే సీటు తెచ్చిపెట్టదు. చాలామంది ఆలస్యంగా గ్రహించే సంగతి ఇది. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులకూ, ఉద్యోగానుభవానికీ, ఇంటర్వ్యూకూ ఒక్కో ఐఐఎం ఒక్కో రకంగా వెయిటేజీ ఇస్తుంది. అందుకే ఒకే పర్సంటైల్‌కు ఒకచోట పిలుపు వచ్చి, మరోచోట రాకపోవచ్చు. ఈ లెక్కను ప్రతి సంస్థా తన ప్రవేశ విధానంలో ప్రకటిస్తుంది.