బ్రెస్ట్ కేన్సర్ వాక్ పెడుతున్నారా? ముందు లెక్క, తర్వాత రిబ్బన్

అక్టోబర్ వచ్చిందంటే గులాబీ రిబ్బన్లు కనబడతాయి. రొమ్ము కేన్సర్ అవగాహన నెల అది. హైదరాబాద్‌లో ఉషాలక్ష్మి బ్రెస్ట్ కేన్సర్ ఫౌండేషన్ ఏళ్లుగా పింక్ రిబ్బన్ వాక్ నిర్వహిస్తోంది. డాక్టర్ పి. రఘురామ్ 2007లో తన తల్లి పేరు మీద పెట్టిన సంస్థ ఇది. ఇలాంటి వాక్ మన మొహల్లాలోనూ పెడదాం అనుకునే వాళ్లు ఎక్కువమంది బ్యానర్‌తో మొదలుపెడతారు. డబ్బు లెక్కతో మొదలుపెట్టాలి.

300 మంది తలా 200 రూపాయలు కట్టారనుకుందాం. 60 వేలు వచ్చాయి. టీ షర్టు ఒక్కోటి 130 చొప్పున 39 వేలు పోయాయి. చాయ్, నీళ్లు, మైకు, బ్యానర్లకు ఇంకో 12 వేలు. పేషెంట్లకు మిగిలింది 9 వేలు! టీ షర్టు బదులు దుపట్టాకు పది రూపాయల రిబ్బన్ పెడితే అదే మొత్తంలో 45 వేలు మిగులుతాయి. ఖర్చులకు ఒక స్పాన్సర్ దొరికితే ఇంకా మంచిది.

జకాత్ ఇస్తామనే వాళ్లుంటారు. ఆ డబ్బును వాక్ ఖర్చులో కలపొద్దు, విడిగా రాసి పెట్టండి. అది హక్కుదారులైన పేద పేషెంట్లకు చేరాలి. ఎలా ఇవ్వాలో ముఫ్తీ సాబ్‌ను ముందే అడగండి. సదఖాకు అంత కట్టుబాటు లేదు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఇండియన్ పాస్‌పోర్ట్ మీదే ఉంటే వాళ్లు పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా లాంటి దేశాల పౌరసత్వం తీసుకున్న బంధువుల డబ్బు మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా తీసుకోకూడదు. ఈ తేడా తెలియక కమిటీలు ఇబ్బందుల్లో పడతాయి.

రోడ్డు మీద నడిస్తే లోకల్ పోలీస్ స్టేషన్, ట్రాఫిక్ పోలీసుల పర్మిషన్ కావాలి. గ్రౌండ్‌లో రౌండ్లు వేస్తే ఆ తలనొప్పి తగ్గుతుంది, పర్దా పాటించే ఆడవాళ్లకూ సౌకర్యం. ఫజ్ర్ తర్వాత మొదలుపెట్టడం బాగుంటుంది. అయితే ఉదయం 6 గంటల దాకా మైకు వాడకూడదు.

అసలు పని నడక అయ్యాకే. గడ్డ కనబడినా అమ్మీలు, ఖాలాలు నెలల తరబడి చెప్పరు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. కేన్సర్ గడ్డకు మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా చూపించుకోవాలి. చాలా గడ్డలు కేన్సర్ కావు, అది కూడా చెప్పండి, లేకపోతే భయపడి అసలే రారు. 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి చేతితో చేసే పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. కాబట్టి దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాన్ని అడిగి లేడీ డాక్టర్‌ను, నర్సులను పిలిపించండి. పర్దా కట్టిన ఒక గది చాలు. అక్కడికి మగ వాలంటీర్లు, ఫొటోగ్రాఫర్ వెళ్లకూడదు.

అనుమానం వచ్చిన వాళ్ల నంబర్లు ఒక ఆపా దగ్గరే ఉండాలి, గ్రూపుల్లో పెట్టొద్దు. వాళ్లు మామోగ్రామ్‌కు వెళ్లారా లేదా అని వారంలో ఆవిడే ఫోన్ చేయాలి. తోడు లేకపోతే రెడ్ హిల్స్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే కేన్సర్ హాస్పిటల్‌కు వెంట వెళ్లాలి. ఆటో చార్జీలు ఆ 45 వేలలోంచే.