బ్రిటిష్ చలనచిత్రములలో పెట్టుబడియు, పన్ను రాయితీయు

చలనచిత్రము పూర్తియగువఱకు ధనమును మ్రింగునే గాని ఒక్క కాసు నీయదు. పూర్తియైన పిమ్మట ప్రేక్షకు లాదరింతురో లేదో ఎవరును చెప్పజాలరు. ఇట్టి వ్యాపారమునకు ప్రజల ధనమును రాబట్టుటకై బ్రిటిష్ ప్రభుత్వము ఆదాయపు పన్నులో రాయితీలు కల్పించినది. మన కుటుంబముల బిడ్డలు అనేకులు నేడు బ్రిటనులో ఉద్యోగములు చేయుచున్నారు. కావున ఈ రాయితీల తత్త్వము నెఱుగుట నిష్ప్రయోజనము గాదు.

1997 నాటి ఆర్థిక చట్టము ఒక మార్గము చూపినది. కోటిన్నర పౌండ్లకు మించని వ్యయముతో నిర్మింపబడి, బ్రిటిష్ చిత్రముగా ధ్రువీకరింపబడినచో, ఆ వ్యయము నంతటిని వెంటనే ఆదాయమునుండి తీసివేయవచ్చును. పలువురు భాగస్వాములై చిత్రమును కొని, దీర్ఘకాలము అద్దె కిచ్చెడివారు. తొలి యేటి నష్టమును తమ యితరాదాయముతో సరిపెట్టి పన్ను తగ్గించుకొనెడివారు. కాని తరువాత ఏటేట వచ్చు అద్దెపై పన్ను తప్పదు. అనగా ఇది మాఫీ గాదు, వాయిదా మాత్రమే.

ఇట్టి భాగస్వామ్యముల వెంట, పన్ను తప్పించుటయే పరమార్థముగా గల పథకములును బయలుదేరెను. ఎక్లిప్స్ 35 అను భాగస్వామ్యము అసలు వ్యాపారమే చేయలేదని 2015లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆశించిన రాయితీ పోయి, దాని సభ్యులపై భారమైన పన్ను బాధ్యత పడెను. 2007 నుండి చలనచిత్రములకు ప్రత్యేకించిన రాయితీ వ్యక్తులకు గాక నిర్మాణ సంస్థలకే చెందినది.

వ్యక్తులకు మిగిలిన ప్రధాన మార్గము 1994లో నెలకొల్పిన ఎంటర్‌ప్రైజ్ ఇన్వెస్ట్‌మెంట్ స్కీము. ఇది చిత్రములకే పరిమితము గాదు. అర్హతగల చిన్న సంస్థల కొత్త వాటాలను కొన్నవారికి, పెట్టుబడిలో నూటికి 30 వంతులు పన్నులో తగ్గును. వాటాలను మూడేండ్లు ఉంచుకొనవలెను. ముందే అమ్మినచో రాయితీ వెనుకకు పోవును.

ఉదాహరణకు, 10,000 పౌండ్లు పెట్టినవానికి 3,000 పౌండ్ల పన్ను తగ్గును. సంస్థ పూర్తిగా మునిగినచో, మిగిలిన 7,000 పౌండ్ల నష్టమును ఆదాయమునుండి తీసివేయవచ్చును. అతడు నూటికి 40 వంతుల పన్ను చెల్లించువాడైన మఱి 2,800 కలిసివచ్చును. అయినను 4,200 పౌండ్లు పోయినవే.

2018 నుండి మూలధనము నిజముగా ప్రమాదమున కొడ్డబడి యుండవలెననియు, సంస్థ దీర్ఘకాలాభివృద్ధిని లక్షించవలెననియు నియమము వచ్చినది. ఒక్క చిత్రముకొఱకే పుట్టి, అది ముగియగానే మూతపడు సంస్థలకు ఈ ద్వారము దాదాపు మూసికొన్నట్లే.

రాయితీ నష్టమును తగ్గించునే గాని తొలగింపదు. పన్ను లాభము నొక్కదానినే చూపి పెట్టుబడి కోరువారిని, చిత్రమునుగూర్చి ముందుగా ప్రశ్నించుట మేలు.