కడలి అడుగున సున్నపురాయి

సున్నపురాయి పుట్టుక అనగానే మన కొండ ప్రాంతపు విద్యార్థికి బొర్రా గుహలు జ్ఞప్తికి రావడం సహజం. కప్పునుండి వ్రేలాడే రాతి ఊడలు, నేలనుండి పైకి లేచిన రాతి మొలకలు అక్కడ చుక్క చుక్కగా పెరిగినవే. ఆ పెరుగుదల వెనుకనున్న రసాయన సూత్రాన్ని మనమందరం ప్రయోగశాలలో చూచినవారమే. తేరిన సున్నపునీటిలోనికి గొట్టంతో ఊపిరి ఊదితే నీరు పాలవలె తెల్లబడుతుంది. ఆపక ఊదుతూనే ఉంటే ఆ తెలుపు మాయమై నీరు మరల తేటపడుతుంది. ఆ తేటనీటిని కాచి చూడండి, తెలుపు తిరిగి వస్తుంది. బొగ్గుపులుసు వాయువు మితిమీరితే సున్నపురాయి కరుగుతుంది. ఆ వాయువు తొలగిపోతే పేరుకుంటుంది. మనం సున్నమన్నా, ఉర్దూ తరగతి మిత్రులు చూనా అన్నా, గుహలో జరిగే కథ ఇంతే.

అయితే బంగాళాఖాతపు అడుగున, వెలుతురు సోకని లోతులలో, మరొక విధంగా సున్నపురాయి తయారవుతున్నది. అక్కడ దానికి మూలద్రవ్యం మీథేను వాయువు. మండే వాయువు రాయిగా మారుతున్నదన్నమాట. ఈ వ్యాసంలో మేము వివరింపదలచినది ఆ మార్పునే.

మీథేను మనకు క్రొత్తది కాదు. గుమ్మలక్ష్మీపురం పరిసరాలలో ఏ చెరువు అడుగు బురదనైనా, నీరు నిలిచిన ఏ వరిమడినైనా కర్రతో కదిపితే బుడబుడమని పైకి వచ్చే బుడగలలో ఉండేది అదే. గోబర్ గ్యాసు పొయ్యిలో మండేదీ అదే. 1776లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా మజ్జోరే సరస్సు బురదనుండి ఇటువంటి బుడగలను పట్టి, మండించి, పరీక్షించాడు. గాలి తగలని చోట ఆకు అలము కుళ్ళినప్పుడు సూక్ష్మజీవులు ఈ వాయువును పుట్టిస్తాయి. చెరువుకు వర్తించే న్యాయమే సముద్రానికీ వర్తిస్తుంది.

మన గుమ్మలక్ష్మీపురం కొండల గెడ్డలు నాగావళిలో కలిసి శ్రీకాకుళం దిగువన సముద్రం చేరుతాయి. అరకు, పాడేరు వైపు నీటి ప్రయాణం ఇంకా దీర్ఘమైనది. మాచ్‌ఖండ్, సీలేరు, శబరి నదుల మీదుగా గోదావరిలో పడి కృష్ణా-గోదావరి బేసిన్ అని పిలువబడే సముద్రగర్భపు పల్లానికి అది చేరుకుంటుంది. లక్షల సంవత్సరాలుగా ఆ నదులు మోసుకొనిపోయిన ఒండ్రుమట్టి, అందులో చిక్కిన ఆకుల శిథిలాలు, సముద్రజీవుల అవశేషాలు అక్కడ పొరలు పొరలుగా పూడుకొని ఉన్నాయి. తూర్పు కనుమల అడవి రాల్చిన ఆకులోని కర్బనం కొంత ఆ లోతులలో మీథేనుగా మారి ఉన్నదనుట అతిశయోక్తి కాదు.

వెయ్యి మీటర్ల నీటి అడుగున పీడనం భూమిమీది వాయుపీడనానికి సుమారు నూరు రెట్లు. ఉష్ణోగ్రత పది డిగ్రీలకు లోపే. ఆ చలికి, ఆ ఒత్తిడికి నీటి అణువులు పంజరంవలె అమరి మీథేను అణువులను తమలో బంధిస్తాయి. చూపులకు మంచుగడ్డ, నిప్పు తగిలిస్తే మండుతుంది. దీనినే గ్యాస్ హైడ్రేటు అంటారు. ఒక ఘనపు మీటరు హైడ్రేటు కరిగితే సుమారు 160 ఘనపు మీటర్ల వాయువు వెలువడుతుంది. 2006లో భారత జాతీయ గ్యాస్ హైడ్రేటు కార్యక్రమం క్రింద జాయిడెస్ రిజల్యూషన్ అనే నౌక మన తీరాలలో త్రవ్వకాలు జరిపినప్పుడు, కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఒకచోట పగుళ్ళుబారిన బంకమట్టిలో దాదాపు 130 మీటర్ల మందాన హైడ్రేటు ఉన్నట్లు తేలింది. 2015లో జపాను నౌక చిక్యూ జరిపిన రెండవ దఫా త్రవ్వకాలలో ఇసుకపొరలలో కూడ అది కనబడింది.

ఈ మీథేను అంతా కదలక పడి ఉండదు. మట్టిలోని పగుళ్ళ వెంట పైకి ఊరుతూ ఉంటుంది. సముద్రపు అడుగుకు కొద్ది మీటర్ల దిగువన దానికి ఒక ద్వారపాలకుడు ఎదురవుతాడు. అదే సల్ఫేటు. లీటరు సముద్రజలంలో దాదాపు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. అది పైనుండి మట్టిలోనికి దిగుతుంది. క్రిందినుండి వచ్చే మీథేను, పైనుండి దిగే సల్ఫేటు కలిసే మేరలో రెండు తెగల సూక్ష్మజీవులు జట్టుకట్టి బ్రతుకుతున్నాయి. ఒక తెగ మీథేనును భస్మీకరిస్తే, రెండవ తెగ ఆ సందర్భంలో వెలువడిన ఎలక్ట్రానులను సల్ఫేటుకు అందిస్తుంది. ప్రాణవాయువు లేకుండా జరిగే దహనమిది. ఈ జంట జీవుల ముద్దలను సూక్ష్మదర్శినిలో చూపిన పరిశోధన 2000లో వెలువడింది. అంతకు ముందు ఇటువంటి దహనం సాధ్యమా అన్న సందేహం చాలాకాలం నిలిచి ఉండెను.

ఈ చర్యలో ఒక మీథేను అణువుకు ఒక బైకార్బొనేటు, ఒక సల్ఫైడు అయానులు పుడతాయి. ఇక్కడ కొంచెం నిదానించి ఆలోచించాలి. మీథేను ప్రాణవాయువుతో మండితే బొగ్గుపులుసు వాయువు వచ్చి నీటికి ఆమ్లగుణం కలుగుతుంది. ఆమ్లం సున్నపురాయిని కరిగిస్తుందే గాని కట్టదు. సల్ఫేటుతో జరిగినప్పుడు అట్లు కాక నీటి క్షారత్వం పెరుగుతుంది. సముద్రజలంలో సహజంగానే ఉన్న కాల్షియం, మెగ్నీషియం ఆ బైకార్బొనేటుతో కలిసి రాయిగా పేరుకుంటాయి. సల్ఫైడు మట్టిలోని ఇనుముతో కలిసి పైరైటు అనే పసిడి మెరుపు ఖనిజమవుతుంది. దహనకారి మారినంతనే ఫలితం తలక్రిందులు కావడం రసాయనశాస్త్రంలోని అందాలలో ఒకటి అని మా అభిప్రాయం.

ఇదంతా ఊహ కాదనడానికి సాక్ష్యం మన సముద్రంలోనే లభించింది. 2007 మే నెలలో మారియన్ డ్యుఫ్రేన్ అనే ఫ్రెంచి నౌక కృష్ణా-గోదావరి బేసిన్‌లో దించిన గొట్టంలో, సముద్రపు అడుగుకు 16 నుండి 20 మీటర్ల దిగువన, సున్నపురాయి ముక్కలు, రాతి గొట్టాలు, కాలిప్టోజెనా జాతి ఆల్చిప్పలు, పైరైటు కలిసి బయటపడినవి. జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు వాటిని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. రాతి వయస్సు సుమారు 46 వేలనుండి 53 వేల సంవత్సరాలని యురేనియం-థోరియం పద్ధతిని బట్టి తేలినది.

ఆ రాతిలోని కర్బనం మీథేనునుండి వచ్చినదే అని ఎట్లు తెలిసినది? కర్బనంలో 12, 13 అను రెండు స్థిర ఐసోటోపులు గలవు. మీథేనును పుట్టించే జీవులు తేలికయైన 12ను ఎక్కువగా ఎన్నుకొంటాయి. సాధారణ సముద్రపు గుల్లలో ఈ రెండింటి నిష్పత్తి ప్రమాణపు రాతికి దగ్గరగా, సున్న చుట్టుప్రక్కల ఉంటుంది. ఈ రాళ్ళలో అది వేయింటికి 41నుండి 52 వరకు తక్కువగా ఉన్నది. ఇంత లోటు మరే మూలంనుండీ రాదు. రాయి తన పుట్టుపూర్వోత్తరాలను తనలోనే వ్రాసి ఉంచుకొన్నది.

ఆ ఆల్చిప్పల సంగతి ఇంకా వింత. వాటి మొప్పలలో నివసించే బాక్టీరియా సల్ఫైడును ఉపయోగించి ఆహారం తయారుచేస్తాయి. సూర్యరశ్మితో నిమిత్తంలేని సంసారమది. ఇటువంటి జీవకూటాలను మొదట 1984లో ఫ్లారిడా సమీపపు లోతు సముద్రంనుండి వర్ణించారు. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో నేటికీ మీథేను ఊరుతూ, ఇటువంటి జీవులు సజీవంగా ఉన్న చోటును 2018లో సింధు సాధన నౌకపై వెళ్ళిన శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

ఇక అసలు ప్రశ్న. ఈ వాయువును తీసి వాడుకొనవచ్చునా? కట్టెలమోపు నెత్తిన పెట్టుకొని కొండ దిగే స్త్రీలను రోజూ చూచే మన ప్రాంతంలో ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. జపాను 2013లో సముద్రపు హైడ్రేటునుండి తొలిసారి వాయువును తీసింది. బావిలోనికి ఇసుక రావడంతో ఆరు రోజులకే ఆపవలసివచ్చింది. 2017లో జపాను, చైనాలు మరల ప్రయత్నించాయి. మరొకవైపు, ఇరవై ఏండ్ల లెక్కలో భూతాపానికి మీథేను బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 80 రెట్లు హెచ్చుగా కారణమవుతుంది. సూక్ష్మజీవుల ద్వారపాలకత్వం నెమ్మదిగా ఊరే మీథేనుకే చాలుతుంది. ఉప్పెనగా వస్తే దాటిపోతుంది. కనుక త్రవ్వేముందు అక్కడ ఎంత ఊరుతున్నదో కొలవడం అత్యవసరమని మేము భావిస్తున్నాము.

ఆ కొలతకు మూలమైన పరీక్ష మన విద్యార్థులకు తెలిసినదే. సల్ఫేటు ఉన్న నీటిలో బేరియం క్లోరైడు వేస్తే తెల్లని అవక్షేపం వస్తుంది. సముద్రగర్భపు మట్టిని పొర పొరగా పిండి, ఆ నీటిని పరీక్షిస్తూ పోతే, ఏ లోతున ఆ తెలుపు రావడం ఆగిపోతుందో అక్కడికి సల్ఫేటు అయిపోయినట్లు. ఆ లోతు ఎంత తక్కువైతే క్రిందినుండి మీథేను అంత జోరుగా వస్తున్నదని అర్థం.