ఆర్‌సీ రాక్ క్రాలర్: బండరాళ్లు ఎక్కే బుల్లి వాహనానికి ఎలాంటి టైర్లు, ఎలాంటి ఫోమ్ కావాలి?

మోటారు తిరుగుతూనే ఉంటుంది. చక్రాలూ తిరుగుతూనే ఉంటాయి. బండి మాత్రం రాయి అంచు దగ్గర ఉన్నచోటే ఉండిపోతుంది.

రిమోట్‌తో నడిచే రాక్ క్రాలర్‌ను కొత్తగా కొన్నవారికి తొలి రోజుల్లోనే ఎదురయ్యే అనుభవమిది. శక్తి చాలడం లేదని భావించి కొందరు మరింత బలమైన మోటారు కొంటారు, మరికొందరు పెద్ద బ్యాటరీ తెస్తారు. డబ్బు ఖర్చయ్యాక కనిపించే మార్పు ఒక్కటే: చక్రాలు మునుపటికన్నా జోరుగా జారుతుంటాయి. చాలా సందర్భాల్లో లోపం మోటారులో ఉండదు. అది టైరులోనూ, ఆ టైరు లోపల కంటికి కనిపించకుండా కూర్చున్న ఫోమ్‌లోనూ ఉంటుంది.

రాక్ క్రాలర్ అంటే రేసు కారు కాదు. మనిషి నడకకన్నా నెమ్మదిగా కదులుతూ, తనకన్నా ఎత్తైన బండరాళ్లను బోల్తా పడకుండా ఎక్కి దిగడమే దాని పని. అసలు వాహనంలో పదో వంతు పరిమాణంలో చేసే నమూనాలకు ఆదరణ ఎక్కువ. 2017లో వచ్చిన ట్రాక్సస్ సంస్థ టీఆర్ఎక్స్-4, యాక్సియల్ సంస్థ ఎస్‌సీఎక్స్10 శ్రేణి ఈ కోవలోనివే. ఇలాంటి బండి బరువు సుమారు మూడు కిలోలు ఉంటుంది. అంటే చదునైన నేల మీద ఒక్కో చక్రం మోసేది ముప్పావు కిలో. టైరు, ఫోమ్ ఎంపిక అంతా ఈ ముప్పావు కిలో చుట్టూనే తిరుగుతుంది.

గాలి చేసే పని ఫోమ్ చేస్తుంది

అమెరికాలోని కాలిఫోర్నియాలో, సియెర్రా నెవాడా పర్వతాల్లో రూబికాన్ ట్రయల్ అనే రాతి బాట ఉంది. జీపులో అక్కడికి వెళ్లేవారు బాట మొదట్లోనే బండి ఆపి టైర్లలో గాలి తీస్తారు. తారు రోడ్డు మీద 30 పీఎస్ఐకి పైగా ఉండే ఒత్తిడిని 15కో, అంతకన్నా కిందికో దించుతారు. అప్పుడు టైరు మెత్తబడి రాయి ఆకారానికి ఒదుగుతుంది. నేలను తాకే మేర పెరుగుతుంది. బాట దాటాక కంప్రెసర్‌తో మళ్లీ గాలి నింపుకుంటారు.

చిన్న క్రాలర్ టైరులో గాలి ఒత్తిడి అంటూ ఉండదు. రిమ్ముకో, టైరుకో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. టైరు అణిగినప్పుడు లోపలి గాలి దాని గుండా బయటికి పోయి, టైరు లేచినప్పుడు తిరిగి వస్తుంది. ఆ దారి మూసుకుపోతే టైరు బంతిలా ఎగిరిపడటం మొదలుపెడుతుంది. కాబట్టి బండి భారాన్ని కొంత టైరు పక్కగోడలు, మిగతాది లోపల అమర్చిన ఫోమ్ రింగు మోయాలి. జీపు యజమాని ఒత్తిడిని నిమిషాల్లో మార్చుకోగలడు. ఫోమ్ విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఎంచుకున్న రోజే టైరు మెత్తదనం ఖరారవుతుంది. దుకాణంలో మాత్రం అందరి చూపూ ట్రెడ్ మీదే ఉంటుంది.

ముందుగా కొలత, రబ్బరు

టైరు మీద కనిపించే 1.9 అనే అంకె రిమ్ము వ్యాసాన్ని అంగుళాల్లో చెబుతుంది. అంటే సుమారు 48 మిల్లీమీటర్లు. 2.2 అని ఉంటే దాదాపు 56 మిల్లీమీటర్లు. రిమ్ము కొలత ఒకటే అయినా టైరు బయటి వ్యాసం వేర్వేరుగా ఉంటుంది. 1.9 రిమ్ముకు 4.19 అంగుళాల టైరు, 4.7 అంగుళాల టైరు రెండూ దొరుకుతాయి. పెద్దది వేస్తే ఇరుసు ఆరు మిల్లీమీటర్లకు పైగా పైకి లేస్తుంది. రాళ్లు అడుగుభాగానికి తగలడం తగ్గుతుంది. అయితే బండి మొత్తం అంతే ఎత్తుకు లేస్తుంది కాబట్టి గరిమనాభీ పైకి పోతుంది. మోటారు మీద, ముందు చక్రాలను తిప్పే సర్వో మీద భారం పెరుగుతుంది. మలుపులో టైరు బాడీకి రాసుకోవచ్చు కూడా. ఎంత పెద్దదైతే అంత మంచిదన్న లెక్క ఇక్కడ పనిచేయదు.

రబ్బరు సంగతికి వస్తే, మెత్తని రబ్బరు రాతి గరుకులోకి ఇమిడి పట్టు సాధిస్తుంది, త్వరగా అరిగిపోతుంది కూడా. గట్టి రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది, నున్నని రాతిపై జారుతుంది. ఈ ఎంపికకు బండి తిరిగే చోటే ప్రమాణం. అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోయాబ్ దగ్గరి ఇసుకరాయి ఉప్పుకాగితంలా ఉంటుంది. అక్కడ మధ్యస్థమైన రబ్బరుకు కూడా పట్టు దొరుకుతుంది, మరీ మెత్తనిది తొందరగా పోతుంది. వాగుల్లో నీరు నునుపు చేసిన రాళ్ల మీద పరిస్థితి తిరగబడుతుంది. హైదరాబాద్ పరిసరాల్లోని గ్రానైట్ బండలది మరో తీరు. రాయి గరుకే గానీ, పైపొర రాలి ఏర్పడిన గరుసు, దుమ్ము టైరుకూ రాయికీ మధ్య చేరుతుంటాయి. దుమ్ము పట్టిన మెత్తని టైరు గట్టి టైరులాగే ప్రవర్తిస్తుంది. కొత్త టైరు కొనేముందు పాతదాన్ని నీటితో కడిగి చూడటం ఖర్చు లేని పరీక్ష.

ఉష్ణోగ్రత ప్రభావం కూడా ఉంటుంది. చలిలో రబ్బరు బిగుసుకుంటుంది, ఎండలో మెత్తబడుతుంది. చలి దేశాల వాడుకదారులు అతి మెత్తని రబ్బరును మెచ్చుకుంటూ రాసిన మాటలను మే నెలలో కాలిన దక్కన్ బండ మీదికి యథాతథంగా తెచ్చుకోకూడదు.

మట్టిలో, బురదలో రబ్బరు మెత్తదనంకన్నా ట్రెడ్ దిమ్మెల మధ్య ఎడం ముఖ్యం. ఎడం ఎక్కువగా ఉంటేనే బురద చిక్కుకోకుండా రాలిపోతుంది.

ఫోమ్‌లో రకాలు

ఫోమ్ ప్రధానంగా రెండు రకాలు. ఓపెన్ సెల్ ఫోమ్ గిన్నెలు తోమే స్పాంజి లాంటిది. లోపలి గదులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కాబట్టి గాలి, నీరు దాని గుండా ప్రవహిస్తాయి. సులువుగా అణుగుతుంది. క్లోజ్డ్ సెల్ ఫోమ్ హవాయి చెప్పు అడుగు లాంటిది. ప్రతి గదీ విడిగా మూసుకుని ఉంటుంది. నీరు పీల్చదు. అణచడానికి బలం కావాలి, వదలగానే పూర్వ ఆకారానికి వస్తుంది.

బండితోపాటు వచ్చే టైర్లలో సాధారణంగా ఒకే పొర ఓపెన్ సెల్ ఫోమ్ ఉంటుంది. విడిగా అమ్మేవాటిలో రెండు పొరల రింగులకు పేరుంది. రిమ్మును ఆనుకుని గట్టి క్లోజ్డ్ సెల్ రింగు, దాని చుట్టూ మెత్తని ఓపెన్ సెల్ రింగు ఉంటాయి. ముప్పావు కిలో భారానికి బయటి పొర అణిగి టైరును రాయికి ఒదిగేలా చేస్తుంది. బండి ఒక పక్కకు వాలి భారం ఒకే చక్రం మీద పడినప్పుడు లోపలి గట్టి పొర అడ్డుపడుతుంది. టైరు పూర్తిగా ముడుచుకుపోకుండా ఆపుతుంది.

ఫోమ్ కొలత టైరు లోపలి కొలతకు సరిపోవాలి. చిన్నదైతే టైరులో ఖాళీ మిగిలి, పక్కగోడ మడతపడుతుంది. మరీ వెడల్పైతే టైరు ఉబ్బి, ట్రెడ్ మధ్యభాగం మాత్రమే నేలను తాకుతుంది. ఒకే పేరు, ఒకే సైజు ఉన్న రెండు కంపెనీల టైర్లకు లోపలి వెడల్పు ఒకేలా ఉంటుందని అనుకోకూడదు. స్కేలుతో కొలిచి తెచ్చుకోవడమే మేలు.

బండి ఎంత చిన్నదైతే ఫోమ్ అవసరం అంత తగ్గుతుంది. యాక్సియల్ ఎస్‌సీఎక్స్24 వంటి ఇరవై నాలుగో వంతు నమూనాల బరువు దాదాపు పావు కిలోయే. అంత తేలిక బండికి టైరు పక్కగోడలే గట్టిగా అనిపిస్తాయి. లోపల బిగువైన ఫోమ్ పెడితే చక్రం చెక్కబిళ్లలా మారుతుంది.

పక్కవాలులో అసలు పరీక్ష

మెత్తని ఫోమ్ వేస్తే పట్టు పెరుగుతుంది కదా, అన్నిటికీ అదే వేస్తే పోదా అనే సందేహం సహజం. దీనికి జవాబు పక్కవాలులో దొరుకుతుంది. బండి కొండవాలుకు అడ్డంగా వెళ్తున్నప్పుడు దిగువ వైపు చక్రాల మీద భారం పెరుగుతుంది, ఎగువ వైపు తగ్గుతుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 20 సెంటీమీటర్లు అనుకుందాం. దిగువ టైరు 5 మిల్లీమీటర్లు అణిగి, ఎగువ టైరు 5 మిల్లీమీటర్లు లేస్తే బండి అదనంగా దాదాపు 3 డిగ్రీలు వాలుతుంది. అప్పటికే బోల్తా అంచున ఉన్న బండికి ఆ 3 డిగ్రీలు చాలు. పడేది రాళ్ల మీద కాబట్టి బాడీ పగలడం, స్టీరింగ్ కడ్డీలు వంగడం మామూలే.

నిట్టనిలువుగా ఎక్కేటప్పుడు లెక్క వేరు. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 12 అంగుళాలు, గరిమనాభి నేల నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తు, బరువు ముందు వెనుకలకు సమానంగా ఉన్న బండిని 45 డిగ్రీల వాలు మీద నిలిపితే, ముందు చక్రాలకు దక్కేది మొత్తం భారంలో ఐదో వంతుకన్నా తక్కువ. అంత తేలికపాటి ఒత్తిడికి గట్టి ఫోమ్ అణగదు. ముందు టైరు రాయిని తాకుతుంది గానీ పట్టుకోదు.

అనుభవజ్ఞులు ముందు మెత్తని ఫోమ్, వెనుక కొంత గట్టి ఫోమ్ వాడటానికి కారణం ఇదే. బ్యాటరీని ముందుకు జరపడం, ముందు చక్రాల లోపల ఇత్తడి భాగాలు అమర్చడం కూడా ఇందుకే. చదును నేల మీద బరువులో 60 శాతం ముందు పడేలా చేస్తే, అదే వాలులో ముందు చక్రాల వాటా పావు వంతు దాటుతుంది. ఇత్తడిని పైన బాడీలో కాకుండా చక్రాల్లో పెడితే గరిమనాభి కూడా కిందికి దిగుతుంది. బరువు పెరిగాక మాత్రం పాత ఫోమ్ సరిపోతుందో లేదో మళ్లీ చూసుకోవాలి. ఈ మాట చాలామంది మరచిపోతారు.

సరిచూసుకోవడానికి పరికరాలేమీ అక్కరలేదు. బ్యాటరీతో సహా బండిని చదునైన నేల మీద నిలపాలి. టైరు కింది భాగం కొద్దిగా ఉబ్బినట్టు కనిపించాలి. రిమ్ము అంచు నేలకు చేరువైపోతే ఫోమ్ మెత్తదనం ఎక్కువైనట్టు. టైరు గుండ్రంగా చెక్కుచెదరకుండా ఉంటే గట్టిదనం ఎక్కువైనట్టు. తర్వాత బండిని ఒక చెక్కపలక మీద అడ్డంగా నిలిపి, పలక ఒక అంచును నెమ్మదిగా పైకెత్తాలి. ఎగువ చక్రాలు లేచే కోణాన్ని ఫోన్‌లోని యాప్‌తో కొలిచి రాసుకోవాలి. ఫోమ్ మార్చిన ప్రతిసారీ ఇదే పరీక్ష చేస్తే తేడా తేలిపోతుంది.

అంటించాలా, బిగించాలా?

ఇన్ని ప్రయోగాలు చేయాలంటే టైరు విప్పగలగాలి. జిగురుతో అంటించిన టైరును రిమ్ము నుంచి వేరు చేయడం కష్టం, ఆ ప్రయత్నంలో రబ్బరు చిరగవచ్చు. బీడ్‌లాక్ రిమ్ములలో టైరు అంచును ఒక లోహపు వలయం, చిన్న స్క్రూలు బిగించి పట్టుకుంటాయి. ధర ఎక్కువే. అయినా తొలి ఏడాదిలో రెండు మూడుసార్లు ఫోమ్ మార్చే అవకాశం ఉన్నవారికి ఆ ఖర్చు వృథా కాదు. స్క్రూలను ఒక పక్క నుంచి వరసగా కాకుండా ఎదురెదురుగా ఉన్నవాటిని కొద్దికొద్దిగా బిగించుకుంటూ పోవాలి.

నీళ్లలో దిగే బండి విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఓపెన్ సెల్ ఫోమ్ నీరు పీల్చి బరువెక్కుతుంది. రంధ్రం రిమ్ములో మాత్రమే ఉంటే ఆ నీరు తేలిగ్గా బయటికి రాదు. టైరు ట్రెడ్ మధ్యలో, దిమ్మెలకు తగలకుండా రెండు మూడు చిన్న రంధ్రాలు చేస్తే చక్రం తిరిగేటప్పుడు నీరు బయటికి చిమ్ముతుంది. తరచూ వాగులు దాటేవారికి క్లోజ్డ్ సెల్ ఫోమ్ నయం. వాడకం ముగిశాక తడిసిన చక్రాలను నీడలో ఆరబెట్టాలి.

నెలల తరబడి ఒకేచోట నిలిపిన బండి టైర్లు నేలను తాకే చోట చదునుగా మారుతుంటాయి. ఫోమ్ ఆ ఆకారానికే అలవాటు పడుతుంది. అందుకే బండిని భద్రపరిచేటప్పుడు చాసిస్ కింద ఒక చెక్కముక్కో, చిన్న స్టాండో పెట్టి నాలుగు చక్రాలూ గాలిలో ఉండేలా చూస్తారు.